గడియ పడని పిస్టలు

వానాకాలం వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో తలుపులు ఉబ్బిపోతాయి. ఎండాకాలం రెండు వేళ్ళతో పడే గడియ, శ్రావణమాసంలో భుజం ఆనించి తోసినా పడదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ గడియని పచ్చడిబండతో కొట్టబోతుంటే మా అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "గడియ తప్పేం లేదమ్మాయ్. తలుపు పూర్తిగా దగ్గరికి రాలేదు. రెక్కని కాస్త పైకెత్తి లాగు, అదే పడుతుంది" అన్నారు. అలాగే పడింది.

ఆ మాటే ఇన్నేళ్ళ తర్వాత మా ఇంట్లో ఒక పిస్టలు గురించి వినాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

ఆడవాళ్ళ పేజీలో పిస్టలేమిటని ముఖం చిట్లించకండి. బీరువా తుడిచేదీ, తాళాలు కొంగున ముడేసుకునేదీ, ఇంట్లో పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారో చూసుకునేదీ మనమే కదా! ఆ బీరువాలో ఏముందో, అది ఏ స్థితిలో ఉందో మాత్రం మనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందని నాకూ మొన్నటిదాకా తోచలేదు.

"మీకెందుకూ!"

మా అత్తవారిది కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఉన్న పల్లె. మావయ్యగారు వయసులో ఉండగా కొబ్బరి వ్యాపారం చేసేవారు. అంబాజీపేట మార్కెట్టులో సరుకు అమ్మి, డబ్బు సంచీతో చీకటిపడ్డాక కాలవగట్టు వెంట రావలసి వచ్చేదట. ఆ రోజుల్లో లైసెన్సు తీసుకుని కొనుక్కున్న ముప్పయి రెండు బోరు చిన్న పిస్టలు అది. అరచేతిలో ఇమిడిపోతుంది. వ్యాపారం మానేసినా పిస్టలు మాత్రం వదల్లేదు. గడువుకి లైసెన్సు తిరగరాయించుకోవడం, ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషన్లో అప్పగించి మళ్ళీ తెచ్చుకోవడం అంతా పద్ధతి ప్రకారం చేసేవారు. 2024 ఎన్నికలప్పుడు కూడా అలాగే చేశారు.

ఇంట్లో ఆడవాళ్ళం ఆ తోలు సంచీని ఎన్నోసార్లు చూశాం. పట్టుచీరలు ఎండకి వేసినప్పుడల్లా పక్కకి జరిపి, మళ్ళీ యథాస్థానంలో పెట్టాం. ఎప్పుడైనా అడిగితే "మీకెందుకూ!" అనేవారు. కోపంగా కాదు, నవ్వుతూనే. మేమూ నవ్వేసి ఊరుకునేవాళ్ళం.

సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా మావయ్యగారు పోయారు. పెద్దకర్మ అయ్యాక, బంధువులంతా వెళ్ళిపోయాక, పొలం కాగితాలకోసం బీరువా తెరిచాం. దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు, వాటి వెనక ఆ తోలు సంచీ. పిస్టలు ఒకచోట, మ్యాగజీన్ విడిగా ఒకచోట, చిన్న డబ్బాలో తూటాలు.

మా వారు పిస్టలు తీశారు. "ఖాళీదేలే, మ్యాగజీన్ బయటే ఉందిగా!" అంటూ పైభాగం వెనక్కి లాగబోయారు. సగం దాకా వచ్చి వేళ్ళలోంచి జారిపోయింది. పక్కనున్న చిన్న మీటని బొటనవేలితో పైకి నెట్టారు. కదల్లేదు. రెండోసారి, మూడోసారి. వేలి మీద గాటు పడింది గానీ మీట కదల్లేదు.

"బిగుసుకుపోయింది. ట్రిగ్గరు రెండుసార్లు నొక్కితే వదులవుతుందేమో" అంటూ దాన్ని గోడవైపు తిప్పారు. ఆ గోడ అవతలి గదిలో మా పిల్లలూ, మా ఆడపడుచు పిల్లలూ క్యారమ్స్ ఆడుకుంటున్నారు.

"ఒరే, దాన్ని కింద పెట్టు."

అత్తయ్యగారు మంచం మీంచి లేచి నిలబడ్డారు. ఆవిడ గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. మా వారు మారుమాట లేకుండా మూతిని బయటి గోడవైపు ఉంచి పిస్టలు బల్లమీద పెట్టేశారు.

ఆవిడ విన్న చప్పుళ్ళు

"మొంథా తుఫాను రాత్రి గుర్తుందా?" అన్నారు అత్తయ్యగారు. 2025 అక్టోబరు 28 అది. ఆ రాత్రి తుఫాను మా తీరం మీదే దాటింది. "కరెంటు లేదు. వీధి గేటు దగ్గర ఏదో ధడేలుమంది. మీ నాన్నగారు లేచేరు. ఆ చీకట్లో టక్కుమని ఒక చప్పుడయ్యింది. వెంటనే చరక్‌మని ఇంకోటి. టార్చిలైటు వేసి చూస్తే కొబ్బరిచెట్టు గేటుమీద పడుంది. తెల్లారేక ఆయన అరుగుమీద కూచుని దీన్ని చాలాసేపు చూసుకున్నారు. టక్కుమన్న చప్పుడు ఒకటే విన్నాను. చరక్‌మన్నది మళ్ళీ వినలేదు. ఇప్పుడు వీడు లాగినప్పుడూ వినలేదు."

నాకు ఒళ్ళు జల్లుమంది. మావయ్యగారికి నాలుగేళ్ళుగా కీళ్ళవాతం. చల్లటి పొద్దున వేళ్ళు ముడుచుకుపోయేవి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. గాభరాలో ఉన్న బలం తెల్లారాక ఉండదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక మ్యాగజీన్ తీసేసి, ఖాళీ అయిందనుకుని లోపల పెట్టేశారన్నమాట.

గదికి తాళం వేసి స్టేషన్‌కి ఫోన్ చేశాం. నిజానికి ఆయన పోయిన వెంటనే చెయ్యాల్సిన పని అది. గంటలో ఒక హెడ్ కానిస్టేబులుగారు, ఆయనతో ఒక అమ్మాయి వచ్చారు. ఆ అమ్మాయీ కానిస్టేబులే. పాతికేళ్ళు ఉంటాయేమో. సన్నగా, నాకంటే పొట్టిగా ఉంది. "ఈ పిల్ల వల్ల ఏమవుతుంది?" అన్నట్టు చూశారు మా వారు.

ఆ అమ్మాయి ముందు పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చింది. ప్రహరీ కట్టడానికి తెప్పించిన ఇసక గుట్ట ఉందక్కడ. మమ్మల్నందర్నీ లోపలికి పొమ్మంది. వేలు ట్రిగ్గరుకి దూరంగా, పిస్టలు మూతి ఇసకలోకి ఉంచి పట్టుకుంది. పైభాగాన్ని అరచేత్తో గుప్పిట పట్టి ఒక్క లాగు లాగింది.

చరక్‌మంది.

ఇసకలో ఇత్తడి రంగు తూటా ఒకటి పడింది. కిటికీలోంచి అందరం చూశాం. మా వారు అక్కడే గుమ్మంలో కూలబడ్డారు. అత్తయ్యగారు మాత్రం "ఇదే నేను వినాలనుకున్నది" అని దేవుడి గదివైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు.

ఆ చిన్న మీట ఎందుకుంటుంది?

భయం తగ్గాక ఆ అమ్మాయిని కూచోబెట్టి కాఫీ ఇచ్చి, నా సందేహాలన్నీ అడిగాను. ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను.

పిస్టలు పైభాగంలో ముందుకీ వెనక్కీ జరిగే ఇనప తొడుగుని స్లయిడ్ అంటారు. పేలినప్పుడు అది వెనక్కి వెళ్ళి ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకి తోస్తుంది. ఆ వచ్చేటప్పుడు మ్యాగజీన్ లోంచి కొత్త తూటాని గొట్టం వెనక ఉండే ఛాంబర్‌లోకి నెట్టేస్తుంది. అంటే ఒకసారి స్లయిడ్ లాగి వదిలాక, మ్యాగజీన్ తీసి బయట పెట్టినా ఒక తూటా లోపలే ఉండిపోతుంది. "మ్యాగజీన్ లేదు కాబట్టి ఖాళీ" అనుకోవడంలోనే ప్రాణాలు పోతాయి. కొన్ని పిస్టళ్ళు మ్యాగజీన్ లేకపోతే పేలకుండా తయారు చేస్తారు గానీ, అన్నీ అలా ఉండవు.

మరి లోపల ఉందో లేదో ఎలా తెలియాలి? స్లయిడ్ వెనక్కి లాగి, కళ్ళతో చూడాలి. చూసేంతసేపు అది మూసుకోకుండా పట్టి ఉంచడానికే ఆ చిన్న మీట. దాన్ని స్లయిడ్ లాక్ అంటారు. మన తలుపు గడియలాంటిదే. కాకపోతే మన గడియ మూసి ఉంచుతుంది, ఇది తెరిచి ఉంచుతుంది.

ఆ గడియ బిగుసుకుంటే? చూడటం కష్టమవుతుంది. కష్టమైన పనిని మనిషి వాయిదా వేస్తాడు. రెండుమూడు సార్లు వాయిదా వేశాక ఇక చూడటమే మానేస్తాడు. మావయ్యగారి విషయంలో జరిగింది అదే. ఆ వేలెడంత మీట కదలకపోబట్టి, నిండు తూటా ఒకటి మా పట్టుచీరల పక్కన రెండు నెలలపైన పడుకుంది.

ఎందుకు బిగుసుకుంటుంది?

"చిన్న పిస్టలు కదా, తేలిగ్గా ఉండాలి కదా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "చిన్నదే గట్టిగా ఉంటుందండీ" అంది.

పెద్ద పిస్టల్లో స్లయిడ్ బరువుగా ఉంటుంది, వెనక్కి జరగడానికి చోటూ ఎక్కువే. చిన్నదాంట్లో స్లయిడ్ తేలిక, చోటు తక్కువ. ఆ కొంచెం దూరంలోనే దెబ్బని ఆపాలి కాబట్టి స్ప్రింగు గట్టిది వేస్తారు. దానికి తోడు జేబులో బట్టకి తగులుకోకుండా మీటని గోరంత చేస్తారు. వేలు ఆనడానికే చోటు ఉండదు. కాబట్టి కొత్త పిస్టల్లోనూ అది బిర్రుగానే ఉంటుంది.

ఇంకో కారణం చెప్పేసరికి నేను అత్తయ్యగారి వైపు చూశాను. మీట లేచి పడటానికి స్లయిడ్‌లో ఒక గాడి ఉంటుంది. స్లయిడ్ చివరిదాకా వెనక్కి వస్తేనే ఆ గాడి మీటకి ఎదురుగా వస్తుంది. సగంలో ఆపి మీటని ఎంత నెట్టినా అది లేవదు. మా వారు చేసింది అదే. "గడియ తప్పేం లేదు, తలుపే దగ్గరికి రాలేదు" అన్నారు అత్తయ్యగారు మెల్లిగా. పైగా సగం లాగి వదిలేస్తే లోపలి తూటా బయట పడకుండా మళ్ళీ లోపలికే వెళ్ళిపోవచ్చు. లాగాం కదా, ఏమీ పడలేదు కదా, ఖాళీయే అని మోసపోతాం.

స్లయిడ్‌ని మూసేటప్పుడు మరో చిక్కు. ఖాళీ మ్యాగజీన్ లోపల ఉంటే, తూటాలని పైకి నెట్టే పలకే మీటని కిందనుంచి ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడు బొటనవేలితో ఎంత నొక్కినా స్లయిడ్ ముందుకి రాదు. వేలు వాస్తుందంతే. ముందు మ్యాగజీన్ తియ్యాలి. తర్వాత స్లయిడ్‌ని కాస్త వెనక్కి లాగితే చాలా రకాల్లో మీట దానంతటదే కిందకి జారుతుంది.

ఆఖరిది మన స్వయంకృతం. ఆ అమ్మాయి పిస్టలు వాసన చూసి "ఇదేంటండీ, కొబ్బరినూనె వాసనొస్తోంది!" అంది. "మా ఇంట్లో ఏది కిర్రుమన్నా కొబ్బరినూనేనమ్మా" అన్నారు అత్తయ్యగారు. చలికాలం మన కొబ్బరినూనె సీసా ఎలా పేరుకుపోతుందో మనకి చెప్పాలా? ఆ పేరిన నూనెలో దుమ్ము కలిసి సందుల్లో మైనంలా పట్టేసింది. పైగా తోలు సంచీ! మన ప్రాంతంలో గాల్లోనే చెమ్మ. తోలు ఆ చెమ్మని పీల్చుకుని ఇనుముకి అంటిస్తుంది. మీట కింద సన్నగా తుప్పు పట్టింది. ఆయుధాలకి వాడే నూనె వేరే ఉంటుంది, అదీ చుక్కల్లెక్కే. బిర్రుగా ఉందని మీటని ఆకురాయితో అరగదీయడం, స్ప్రింగు కత్తిరించడం మహా ప్రమాదం. లైసెన్సు ఉన్న ఆయుధాల మరమ్మతుదారు దగ్గరికే తీసుకెళ్ళాలి.

ఆడచేతుల సంగతి

"మీ చేతికి ఎలా వచ్చిందమ్మా, నాకు రానిది?" అని మా వారు అడగనే అడిగారు. "బలం కాదు సార్, పట్టు" అంది ఆ అమ్మాయి. వేళ్ళ కొసలతో గిల్లినట్టు పట్టుకుంటే ఎవరికైనా జారుతుందట. అరచెయ్యి మొత్తం వేసి పట్టుకుని, ఆ చేత్తో వెనక్కి లాగుతూనే పిడి పట్టుకున్న చేత్తో ముందుకి తొయ్యాలి. రెండు చేతులూ పని పంచుకుంటాయి. రోటి ముందు పెరిగిన చేతులకి ఈ సూత్రం కొత్తేం కాదు.

ఆడవాళ్ళ చేతికి ఆయుధం తేలిగ్గా ఉండాలని 2014లో కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు, లక్షా ఇరవై వేల పైన ధర. అది రివాల్వరు కాబట్టి స్లయిడ్ ఉండదు, గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. ధర సంగతి అలా ఉంచితే, తేలిక చేసిచ్చినంత మాత్రాన నేర్చుకోవడం తప్పదు కదా.

మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్‌ని చూడండి. 2018లో పదమూడేళ్ళ వయసులో పిస్టల్ షూటింగ్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది. ఆ స్వర్ణ జట్టులోనే ఉన్న మను భాకర్ కథ ఇంకా గుర్తుంచుకోదగ్గది. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ మధ్యలో ఆమె పిస్టలు మొరాయించింది. బాగు చేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, రెండే పాయింట్ల తేడాతో ఫైనల్ పోగొట్టుకుంది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో రెండు కాంస్య పతకాలు గెలిచింది. యంత్రం మొరాయిస్తే అది చేతి లోపం కాదని ఆ పిల్ల నిరూపించింది. మన ఇళ్ళల్లో మాత్రం ఏది బిగుసుకున్నా "ఆడచెయ్యి, అంతే" అనేస్తారు. మావయ్యగారిది మగచెయ్యే. కీళ్ళవాతానికి ఆ తేడా తెలియదు.

చట్టం ఏమంటోంది?

లైసెన్సు మనిషికి, కుటుంబానికి కాదు. ఆ మనిషి పోయిన క్షణం నుంచి ఆ ఆయుధం ఇంట్లో ఉంచుకునే హక్కు మనకి లేదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. అలా అప్పగించినదాన్ని నిర్ణీత గడువులోగా వారసులు తమ పేర లైసెన్సు తెచ్చుకుని తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్ముకోవచ్చు. గడువు దాటిస్తే ప్రభుత్వపరం కావచ్చు.

వారసులంటే కొడుకులే కాదు. భార్య, కూతురు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల్లో ఇంకో వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకి డెబ్బయ్యేళ్ళు నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్ళు తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడికో వారసురాలికో లైసెన్సు ఇప్పించమని కోరవచ్చు. చేతులు వణికే వయసులో భారం దింపుకోవడానికి అది మర్యాదైన దారి. మావయ్యగారికి ఆ సంగతి మాలో ఎవరమైనా చెప్పి ఉంటే! కొత్తగా లైసెన్సు అడిగేవాళ్ళు భద్రతా శిక్షణ పొందాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. 2019 సవరణతో లైసెన్సు కాలం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది.

మీ ఇంట్లోనూ ఉందా?

లైసెన్సూ శిక్షణా లేనివాళ్ళం మనం దాన్ని ముట్టుకోనక్కర్లేదు, ముట్టుకోకూడదు కూడా. కానీ అడగవచ్చు. అది ఎక్కడుంది? తూటాలు వేరే తాళం కింద ఉన్నాయా? చివరిసారి స్లయిడ్ తెరిచి లోపల కళ్ళతో చూసిందెప్పుడు? గడియ సులువుగా పడుతోందా? లైసెన్సు పుస్తకం ఎక్కడ, గడువెప్పుడు? ఈ అయిదు ప్రశ్నలకీ జవాబు ఇంట్లో ఇంకో పెద్దమనిషికి తెలిసి ఉండాలి. ఏది బిర్రుగా ఉందన్నా, "రేపు చూద్దాం" అన్నా, ఆ రేపటిని మీరు గుర్తుపెట్టుకోండి. పిల్లలకి మాత్రం ఒకటే మాట: బొమ్మలా కనిపించినా ముట్టుకోవద్దు, వెంటనే వచ్చి పెద్దవాళ్ళకి చెప్పండి.

మా పిస్టలుని ఆ రోజే రసీదు రాయించి అప్పగించాం. నాన్నగారి గుర్తుగా తన పేర లైసెన్సు తీసుకుంటానన్నారు మా వారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "గుర్తుకి ఆయన కళ్ళజోడుంది, చేతికర్ర ఉంది, చాలు. దీన్ని అమ్మే దారి చూడు" అన్నారు. లైసెన్సు పుస్తకం మీద కాకినాడ ముద్ర ఉంది. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడ్డాక మా కలెక్టరు కచేరీ అమలాపురంలో. ఆ కాగితాల పని నాకే అప్పజెప్పారు. తిరుగుతున్నాను.

వెళ్ళబోయే ముందు ఆ అమ్మాయి ఒక పని చేసింది. స్లయిడ్‌ని చివరిదాకా లాగి, రెండో బొటనవేలితో మీటని పైకి నెట్టింది. ఒకసారి మొరాయించి, రెండోసారికి టక్కున పడింది. తెరుచుకున్న పిస్టలుని వెలుతురుకి తిప్పి "చూడండి పెద్దమ్మగారూ, ఏమీ లేదు" అని చూపించింది. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, వంగి, లోపలికి చూశారు. ఆ పిస్టలు ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడకి దాన్ని తెరిచి చూపించడం అదే మొదటిసారి.